చేరే ముందు కళాశాలను చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నిరుడు ఇంజినీరింగ్ సీట్ల కోసం ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష తరువాత జరిగే కౌన్సెలింగ్‌లో నేను ఇరవై ఆరు ఆప్షన్లు పెట్టాను. వాటిలో ఒక్క కళాశాలనైనా నేను గానీ, మా నాన్న గానీ కంటితో చూసి ఉండలేదు. ఊళ్ళోని ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, అంతకు ముందు ఏడాది చివరి ర్యాంకుల జాబితాను ఒక చేత్తో పట్టుకుని, కళాశాలల కోడ్లను ఒకటొకటిగా నొక్కుకుంటూ పోయాను. సీటు వచ్చిన కళాశాలకు రిపోర్టింగ్ కోసం వెళ్ళిన రోజున కంప్యూటర్ ల్యాబ్‌కు తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న మనిషి టౌనుకు వెళ్ళాడన్నారు. వెబ్‌సైటులో ఫొటోలు పెట్టిన అమ్మాయిల హాస్టల్‌కు ఇంకా పైకప్పు పడలేదు. నేను చేరలేదు. ఏడాది పోగొట్టుకుని మళ్ళీ పరీక్షలకు చదువుతున్నాను.

మాది హిందూపురం ప్రాంతం. మా నాన్న మల్బరీ తోట వేసి పట్టుపురుగులు పెంచుతారు. మా ఊరి పట్టుగూళ్ళ మార్కెట్లో వ్యాపారి వేలం పాట పాడే ముందు గూళ్ళను గుప్పిట పట్టి నొక్కి చూస్తాడు, అనుమానం వస్తే ఒకటి రెండు కోసి లోపలి పురుగునూ చూస్తాడు. నాలుగేళ్ళ చదువును మాత్రం కోడు చూసి కొనుక్కొచ్చామే అని నాన్న ఆ రోజు తిరుగుప్రయాణంలో బస్సు దిగేదాకా అంటూనే ఉన్నారు.

ఈసారి అలా జరగకూడదనుకుని, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఏటా ఫిబ్రవరి నెలాఖరున గానీ మార్చి మొదట్లో గానీ జరిపే ‘ఓపెన్ డే’కు ఇద్దరం వెళ్ళాము. హిందూపురంలో రైలెక్కి యశ్వంతపురంలో దిగితే సంస్థ దగ్గరే. ప్రవేశ రుసుము లేదు, ఎవరైనా వెళ్ళవచ్చు. 1909లో ఏర్పడిన ఆ సంస్థకు 1933లో సర్ సి.వి. రామన్ సంచాలకులుగా వచ్చారని పాఠ్యపుస్తకంలో చదువుకున్నదే అయినా, ఆ చెట్ల కింద నడుస్తున్నప్పుడు అది వేరే విషయంగా తోచింది. ఏరోస్పేస్ విభాగంలో విమాన నమూనాల మీదికి గాలిని వీయించి పరీక్షించే గాలి సొరంగాన్ని చూస్తున్నప్పుడు, అక్కడ పనిచేసిన సతీశ్ ధవన్ పేరే మన శ్రీహరికోట కేంద్రానికి 2002లో పెట్టారని చెబితే, నాన్న ఆ యంత్రాన్ని మళ్ళీ ఒకసారి తేరిపార చూశారు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఒక చిన్న బల్ల దగ్గర జరిగిన సంభాషణ. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో బంతిపువ్వును ముంచి తీసి, వేళ్ళతో నలిపి గాజుపొడిలా రాల్చి చూపించిన పరిశోధక విద్యార్థిని కర్నూలు వైపు అమ్మాయి. అందరూ పువ్వు గురించి అడుగుతుంటే మా నాన్న, “ఇంత కాలం చదువుతున్నావు కదమ్మా, ఏడాదికి ఫీజు ఎంత అవుతుంది?” అని అడిగారు. ఆమె నవ్వి, “నాకే ఇస్తారండీ” అంటూ, 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలని చెప్పింది. పీహెచ్‌డీ అంటే ఇంట్లో డబ్బున్నవాళ్ళ చదువనే మా ఇంటి నమ్మకం ఆ బల్ల దగ్గరే పోయింది. ఇంటర్ తరువాత నేరుగా చేరే నాలుగేళ్ళ బీఎస్ కోర్సు 2011 నుంచి అక్కడ ఉందనీ, దానికి ఈఏపీసెట్ ర్యాంకు పనికిరాదనీ కూడా నాకు అక్కడే తెలిసింది. మా జూనియర్ కళాశాలలో రెండేళ్ళలో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

అయితే ఆ రోజుల్లోనే మన ఇంటర్ పరీక్షలు కూడా వచ్చిపడతాయి. నేను ఇంటర్ ముగించి ఇంట్లో ఉన్నాను కాబట్టి వెళ్ళగలిగాను గానీ, నా తోటివారికి అది సాధ్యమయ్యే పని కాదు. పైగా అది అందరి కోసం జరిపే విజ్ఞాన ఉత్సవం, ప్రవేశాల కోసం పెట్టింది కాదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ వంటి ప్రయోగశాలలు, సెప్టెంబరు 26న తమ మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం సందర్భంగా విద్యార్థులను లోపలికి రానిస్తున్నాయి. అదీ మంచిదే గానీ, అప్పటికి ఆ ఏడాది ఇంజినీరింగ్ ప్రవేశాలు దాదాపు ముగిసిపోయి ఉంటాయి.

అందుచేత రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్ళకు నా విన్నపం ఒక్కటే. ఈఏపీసెట్ ఫలితాలకు, వెబ్ ఆప్షన్లకు మధ్య ఉండే రోజుల్లో కనీసం రెండు రోజులను ప్రకటించి, ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలతో పాటు జేఎన్‌టీయూల అనుబంధ కళాశాలలన్నీ ఆ రోజుల్లో ర్యాంకు కార్డు చూపిన విద్యార్థినీ, వెంట వచ్చిన పెద్దవారినీ ప్రయోగశాలలకు, గ్రంథాలయానికి, హాస్టల్ గదులకు, వంటశాలకు తీసుకువెళ్ళి చూపించాలని నిబంధన పెట్టాలి. తోరణాలు, ఉపన్యాసాలు, టిఫిన్ పొట్లాలు మాకు అక్కరలేదు. మూడో ఏడాది చదివే విద్యార్థి ఒకరు మా వెంట నడిచి, అడిగినదానికి జవాబు చెబితే చాలు. సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం కళాశాలలు తమ వివరాలను వెబ్‌సైటులో పెడుతున్నాయి కదా అని అధికారులు అనవచ్చు. ఆ పత్రంలో కంప్యూటర్ల సంఖ్య ఉంటుంది, అవి పనిచేస్తున్నాయో లేదో ఉండదు. పైగా అది ఇంగ్లీషులో ఉంటుంది. ఫీజు కట్టే మా నాన్నకు ఇంగ్లీషు రాదు.

ఈ ఏడాది నేను ఆప్షన్లలో పెట్టాలనుకుంటున్న కళాశాలలు నాలుగున్నాయి. వాటిలో ఒకదానికి గత వారం ఫోన్ చేసి, ఒకసారి వచ్చి ల్యాబ్‌లు, హాస్టల్ చూసుకుని వెళతామని అడిగాను. “మీరు రానక్కరలేదమ్మా, అడ్రసు చెప్పండి, మా మనిషే మీ ఇంటికి వస్తాడు” అన్నారు.

ఇట్లు,
ఒక విద్యార్థిని,
హిందూపురం, శ్రీ సత్యసాయి జిల్లా