మా మోరిస్ మైనర్ కారు బ్రేకులు విడిపించిన వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. బండి మళ్లీ రోడ్డెక్కింది. మొన్న ఆదివారం ఇక్కడ ఇంగ్లండ్‌లో కోవెంట్రీ నుంచి కెనిల్‌వర్త్ దాకా వెళ్లొచ్చాం. దిగి ముందు చక్రాల మీద చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. మొన్నటిదాకా అక్కడ చెయ్యి పెట్టే పరిస్థితి లేదు.

సంగతి తెలియని వాళ్ల కోసం: మాది 1961 మోరిస్ మైనర్, 948 సీసీ. నాలుగు చక్రాలకూ 7 అంగుళాల డ్రమ్ము బ్రేకులే, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ముకు లోపలి నుంచి షూలు ఆనుకుని ఆపే రకం. మరుసటి ఏడాది 1098 సీసీ ఇంజన్ పెట్టినప్పుడు కంపెనీ వాళ్లు ముందు డ్రమ్ముల్ని 8 అంగుళాలు చేశారు గానీ, మా బండి అంతకు ముందుది. పిల్లల్ని ఎక్కించుకుని ఇప్పటి ట్రాఫిక్‌లో తిరగాలంటే ఈ డ్రమ్ములు చాలవనిపించి ముందు చక్రాలకు డిస్కు బ్రేకుల కిట్ (తిరిగే పళ్లేన్ని ప్యాడ్లు ఇరువైపులా నొక్కి ఆపే రకం) వేయించాం. బండి ఆగడమైతే బ్రహ్మాండంగా ఆగేది. వదలడమే వదిలేది కాదు. ఒకసారి పెడల్ తొక్కి కాలు తీశాక చక్రం చేత్తో తిప్పితే ఈడ్చుకుంటూ తిరిగేది. కాసేపు నడిపితే ప్యాడ్లు మాడిన వాసన. ఎందుకో తెలియక మిమ్మల్నందరినీ అడిగాను.

మీలో చాలామంది ఓపిగ్గా జవాబులిచ్చారు. కాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగం) పిస్టన్లు పట్టేశాయన్నారు కొందరు. రబ్బరు హోసు లోపల ఉబ్బి బ్రేకు నూనెను వెనక్కి రానివ్వడం లేదన్నారు ఇంకొందరు. పెడల్ రాడ్‌కి ఆట (కాస్త కదిలే ఖాళీ) ఉందో లేదో చూడమన్నవారూ ఉన్నారు. ఏదీ తీసిపారేసే మాట కాదు, అందరికీ థాంక్స్.

విజయవాడ బాబాయ్ గారి గురించి మాత్రం వివరంగా చెప్పాలి. ఆటోనగర్‌లో అంబాసిడర్ల కింద పడుకునే జీవితమంతా గడిపిన మనిషి. అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచే కాబట్టి, మైనర్‌ని ఆయన ఎన్నడూ విప్పకపోయినా దాని చుట్టరికం ఆయనకు తెలుసు. వీడియో కాల్‌లో ఆయన మొదట అన్న మాట: "ముందు ఏమీ కొనకు నాయనా. నూనె ఎక్కడ ఆగుతుందో చూద్దాం."

బండి ముందు భాగం స్టాండుల మీదికి ఎత్తించారు. బ్రేకు తొక్కించి, చక్రం పట్టేశాక కాలిపర్ నిపుల్ (నూనె, గాలి బయటికి వదిలే చిన్న మర) కొంచెం వదులు చేయమన్నారు. నూనె చిమ్మింది, చక్రం తేలిగ్గా తిరిగింది. అంటే పిస్టన్లు పట్టేయలేదు, లైన్లో ప్రెషర్ మిగిలిపోతోంది. నిపుల్ బిగించి మళ్లీ తొక్కించారు. ఈసారి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే నూనెను పైపుల్లోకి నెట్టేది) దగ్గర పైపు వదులు చేయమన్నారు. అప్పుడూ చక్రం విడిపోయింది. హోసుదే తప్పయితే ఇక్కడ వదులు చేసినా చక్రం విడవకూడదు. పెడల్ ఆట కూడా సరిగ్గానే ఉంది. దాంతో తేలిపోయింది, దొంగ మాస్టర్ సిలిండర్ లోపలే ఉన్నాడు.

డ్రమ్ముల బండి మాస్టర్ సిలిండర్లో చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. కాలు తీసినా లైన్లో సుమారు 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ప్రెషర్ నిలబెడుతుంది. షూలను నెట్టే వీల్ సిలిండర్లోని రబ్బరు కప్పులు గోడకు ఆనుకునే ఉండాలి, గాలి పీల్చకూడదు, అందుకు. డ్రమ్ములో ఈ 10ని లెక్కచేయకుండా స్ప్రింగులు షూలను వెనక్కి లాగేస్తాయి. డిస్కుకు ఆ స్ప్రింగులు ఉండవు. పిస్టన్ చుట్టూ ఉన్న సీలు సాగి వెనక్కి ముడుచుకోవడమే దాన్ని వెనక్కి లాగే బలం, దానికి ఆ కాస్త ప్రెషరే ఎక్కువ. మా కిట్ వేసేటప్పుడు పాత మాస్టర్ సిలిండర్ బాగుందని అలాగే ఉంచేశారు.

వాల్వు పూర్తిగా తీసేద్దామంటే బాబాయ్ గారు ఒప్పుకోలేదు. మైనర్‌లో మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద ఛాసిస్‌లో కూర్చుంటుంది. అంత కిందుంటే నూనె మెల్లగా వెనక్కి దిగిపోయి, పెడల్ మొదటి తొక్కుడుకు లోపలికి పోతుందన్నారు. అందుకే లోపలి వాల్వు తీసి, ముందుకెళ్లే పైపులో 2 పీఎస్‌ఐది, వెనక డ్రమ్ములకెళ్లే పైపులో 10ది విడివిడిగా వేశాం.

చెప్పినంత సులువు కాదు లెండి. మాస్టర్ సిలిండర్ బోల్టులకు టోర్షన్ బారు (ముందు చక్రాలకు స్ప్రింగులా పనిచేసే కడ్డీ) అడ్డం. ఆ బారు దించడం తెలియనివాడు చేసే పని కాదు. మా పక్కింటి పెద్దాయన ఇలాంటివి ఎన్నో విప్పారు, తన పనిముట్లన్నీ తెచ్చి వానలో కూడా నాతోపాటు కింద పడుకున్నారు. ఆయనకు తెలుగు రాదు, బాబాయ్ గారి ఇంగ్లిషు అంతంతమాత్రం. అయినా ఫోన్లో ఒకరి మాట ఒకరికి నాకంటే ముందే అర్థమైపోయేది! బ్రేకులో గాలి తీయడానికి పెడల్ తొక్కీ తొక్కీ విసిగిన మా ఆవిడకూ థాంక్స్.

సర్వో (కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించే పరికరం) పెట్టుకోమన్న మిత్రులకు ఒక మాట. డ్రమ్ము షూ తనంతట తాను బిగుసుకుంటుంది, డిస్కుకు ఆ గుణం లేదు, కాబట్టి పెడల్ కాస్త గట్టిగానే ఉంది. కానీ బండి బరువు 800 కిలోల లోపే, నాకైతే ఈ గట్టిదనమే నచ్చింది. ప్రస్తుతానికి సర్వో లేకుండానే. నూనె డాట్ 4 కొత్తది పోశాం. సిలికాన్ డాట్ 5 జోలికి పోలేదు, అది మామూలు బ్రేకు నూనెతో కలవదు.

బాబాయ్ గారూ, మీరు డబ్బు మాట ఎత్తనివ్వలేదు. సంక్రాంతికి వస్తున్నాం, అప్పుడు మాత్రం కాదనకండి.

తీసేసిన 7 అంగుళాల డ్రమ్ములు, బ్యాక్ ప్లేట్లు, ముందు వీల్ సిలిండర్లు నాలుగూ గరాజులో ఉన్నాయి. డ్రమ్ముల్లో పగుళ్లేమీ లేవు. మైనర్ ఉన్నవాళ్లెవరికైనా పనికొస్తే చెప్పండి, ఊరికే ఇస్తాను. పంపే ఖర్చు కూడా నాదే.