కిమియా దగ్గర ఆగిపోయాను

ప్రియ మిత్రమా,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయనందుకు మన్నించు. ఇక్కడ అందరమూ క్షేమం, మెడనొప్పి తగ్గింది, తక్కిన కబుర్లు మరోసారి. నువ్వు పంపిన ఎలిఫ్ షఫాక్ నవల 'ది ఫార్టీ రూల్స్ ఆఫ్ లవ్' నిన్న రాత్రి పూర్తి చేశాను. దాని సంగతి నీకు చెబితే తప్ప నా మనసు కుదుటపడదు.

అట్ట లోపల "షమ్స్‌తో జాగ్రత్త" అని పెన్సిలుతో ఎందుకు రాశావో మొదట బోధపడలేదు. 1244లో, ఇప్పటి టర్కీలోని కొన్యాలో, శిష్యగణంతో వెలిగిపోతున్న 37 ఏళ్ల మతపండితుడు రూమీని ఒక్క ప్రశ్నతో నిలబెట్టేసిన ఆ దర్వేషుతో, ఆ సంచార సూఫీ షమ్స్‌తో, నాకు తగవేముంటుందనుకున్నాను. కానీ కిమియా వచ్చింది. చదువు కోసం రూమీ ఇంట చేరి, అక్కడే పెరిగి, షమ్స్‌ను ప్రేమించి పెళ్లాడిన ఆ పిల్ల, ఒక రాత్రి పట్టుబట్టలు కట్టుకుని ఆశగా అతని ముందు నిలబడితే అతడు ఆమెను కాదన్నాడు. ఆమె మంచం పట్టింది, మరి లేవలేదు. ప్రేమ గురించి నలభై సూత్రాలు చెప్పినవాడికి, తన ఇంట్లోనే కుమిలిపోతున్న మనిషిని దక్కించుకునే దారి ఒక్కటీ కనిపించలేదా? పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

కోపంతోనే మళ్లీ తెరిచాను. షమ్స్ కనుమరుగయ్యాక రూమీ పడిన వేదన చదువుతుంటే ఆ కోపం నిలవలేదు. తాను రాసిన చాలా గజళ్ల చివర తన పేరుకు బదులు షమ్స్ పేరు పెట్టుకున్న కవి అతడు. తన మహాకావ్యం మస్నవీని "విను" అనే మాటతో, రెల్లుతోపు నుంచి కోసి తెచ్చిన వేణువు విలాపంతో మొదలుపెట్టాడు. ఆ విరహమే లేకపోతే ఆ కవిత్వం... ఈ మాట పూర్తి చేయడానికి నాకు మనసొప్పడం లేదు, ఎందుకంటే ఆ లెక్కలో కిమియా ఎక్కడుంటుంది?

నవలలో ఈ కాలంలో నడిచే ఎల్లా, అజీజ్‌ల ఉత్తరాల కథ నన్ను అంతగా పట్టలేదు. కానీ రచయిత్రి చేసిన ఒక పని చూడు: బిచ్చగాడికీ, తాగుబోతుకీ, వేశ్యకూ ఇచ్చినట్టే కిమియాకూ "నేను" అని తన కథ తానే చెప్పుకునే గొంతు ఇచ్చింది. షమ్స్‌ను మనం నిలదీయాలనే ఇచ్చిందేమో అనిపిస్తోంది. ఈసారి జవాబు బాకీ నీదే. ఆ అధ్యాయం మళ్లీ చదివి, షమ్స్ తరఫున ఏం చెబుతావో—

టపా కట్టే వేళయింది, పిలుస్తున్నారు. వెంటనే రాయి.

నీ నేస్తం