హంతకుడి పేరు ముందే చెప్పి, పద్యాన్ని మింగేసిన మీ సబ్‌టైటిళ్ళ గురించి

గౌరవనీయులైన ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: ‘డిటెక్టివ్ కోనన్’ అనే జపనీస్ యానిమేషన్ వరుసలోని 21వ చిత్రానికి మీరు ఇచ్చిన కథా పరిచయం, తెలుగు సబ్‌టైటిళ్ళు, ముగింపు కోత గురించి ఫిర్యాదు.

అయ్యా,

మీ ఓటీటీకి నేను ఏడాది చందా 1,499 రూపాయలు కట్టింది మా అమ్మ కోసం. ఆమె వయసు 68. తెలుగు తప్ప మరో భాష చదవలేదు. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలను అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చుకుని, ఒక్క రాత్రిలో చదివి, తెల్లవారగానే తిరిగి ఇచ్చేసిన తరం ఆమెది. చివరి పేజీ ముందే చూసేవాళ్ళంటే ఆమెకు ఇప్పటికీ గిట్టదు. ‘తెలుగు సబ్‌టైటిళ్ళతో కోనన్ చిత్రాలు’ అన్న మీ ప్రకటన చూసి, ఇన్నేళ్ళకు ఆమెకు తగినది దొరికిందని సంతోషించాను.

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, చిత్రం పేరు కింద మీరు వేసిన నాలుగు వరుసల పరిచయాన్ని పైకి చదవడం మొదలుపెట్టింది. మూడో వరుసలో హంతకుడి పేరు ఉంది. ఎందుకు చంపారో కూడా ఉంది. అమ్మ చదవడం ఆపి నా వైపు చూసి, “ఇంక చూడటానికి ఏముంది?” అంది. ఆ పేరు నేను ఈ ఉత్తరంలో కూడా రాయడం లేదు. దీన్ని చదివే మీ ఉద్యోగి ఆ చిత్రం ఇంకా చూసి ఉండకపోవచ్చు. ఆ మాత్రం మర్యాద మీ పరిచయం రాసినవారు మా అమ్మకు చూపించలేదు.

మీ దగ్గర ఉన్నది ఎలాంటి చిత్రమో మీకు తెలియాలని కొంచెం చెబుతాను. అవోయామా గోషో గీసిన ఈ బొమ్మల కథ 1994లో ‘షోనెన్ సండే’ వారపత్రికలో మొదలైంది. టీవీకి 1996 జనవరిలో వచ్చింది. మొదటి చిత్రం 1997 ఏప్రిల్‌లో విడుదలైంది. కరోనా వల్ల 2020లో ఆగిపోవడం తప్ప, అప్పటినుంచి జపాన్‌లో ప్రతి వసంతానికీ ఒక కోనన్ చిత్రం రావడం ఆనవాయితీ అయింది. మా ఇంట్లో పాడైన 21వ చిత్రం ‘ది క్రిమ్సన్ లవ్ లెటర్’ 2017 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ ఏడాది జపనీస్ చిత్రాలన్నిటిలోకీ ఎక్కువ వసూలు చేసింది అదే. ‘కరుత’ అనే చీటీల ఆట, ప్రాచీన ప్రేమ పద్యాలు, ఒసాకాలో ఒక టీవీ సంస్థ భవనంలో పేలుడు, క్యోటో శరత్కాలం కలిసిన కథ అది.

హంతకుడు ఎవరో తెలిసినా, పద్యాల కోసమైనా చూద్దామని అమ్మను ఒప్పించాను. ఆ పద్యాలే మీరు లేకుండా చేశారు.

నేను ఆరేళ్ళుగా జపనీస్ నేర్చుకుంటున్నాను. అందుకే మీ సబ్‌టైటిళ్ళలో ఏది ఎక్కడ పోయిందో చూపించగలను. కరుత ఆటకు ఆధారం ‘హ్యాకునిన్ ఇష్షు’. అంటే నూరుగురు కవుల నుంచి ఒక్కొక్కటిగా ఏరిన నూరు పద్యాలు. 13వ శతాబ్దంలో ఫుజివారా నో తెయికా కూర్చినవి. ఒక్కో పద్యం 5-7-5-7-7 లెక్కన 31 అక్షరాలు. పోటీలో నూరు చీటీల్లో యాభై మాత్రమే నేల మీద పరుస్తారు, ఒక్కొక్కరి వైపు ఇరవై అయిదు. చదివేవారు పద్యం మొదటి భాగాన్ని రాగయుక్తంగా ఎత్తుకుంటారు. రెండో భాగం రాసి ఉన్న చీటీని ఎవరు ముందు తాకితే అది వారిది. వేమన పద్యం మొదటి పాదం అందుకోగానే మిగతాది నోటికి వచ్చే మనకు ఈ ఆట అర్థం కావడానికి క్షణం పట్టదు. మా అమ్మకు ఒక్క వాక్యంలో చెప్పాను, వెంటనే పట్టేసింది.

ఇందులో ఇంకో సూక్ష్మం ఉంది. కొన్ని పద్యాలను మొదటి అక్షరంతోనే గుర్తుపట్టవచ్చు, ఎందుకంటే ఆ అక్షరంతో మొదలయ్యే పద్యం నూటిలో అదొక్కటే. అలాంటివి ఏడున్నాయి. చదివేవారి పెదవులు ‘సె’ అని కదలగానే చెయ్యి లేవాలి. అంటే ఈ చిత్రంలో ఉత్కంఠ అంతా ఒక్క అక్షరం మీద నిలబడి ఉంటుంది.

చివరి పోటీ వచ్చింది. గదిలో నిశ్శబ్దం. చాప మీద ఎదురెదురుగా, పోటీపడే ఇద్దరమ్మాయిలు కజుహా, మొమిజి మోకాళ్ళ మీద ముందుకు వంగి ఉన్నారు. చదివేవారి గొంతు లేచింది. అప్పుడు తెర అడుగున మీరు వేసిన మాటలు ఇవి: ‘[విదేశీ భాషలో పాట]’. ఆ తర్వాతి పద్యానికీ అదే. ఆ తర్వాతదానికీ అదే. నేను రిమోటు నొక్కి ఆపి, ఒక్కొక్క పద్యం అర్థం అమ్మకు నోటితో చెప్పుకుంటూ వెళ్ళాను. పావుగంటలో అయిపోయే పోటీ మాకు గంట పట్టింది.

కజుహా మనసుకు దగ్గరైన చీటీ తాయిరా నో కనెమొరి పద్యం, ‘షినోబురెదొ’. ఎంత దాచుకున్నా నా ప్రేమ ముఖంలో బయటపడిపోయింది, ఎందుకు దిగులుగా ఉన్నావని ఎదుటివారు అడిగేంతగా అని దాని భావం. చిన్ననాటి స్నేహితుడు, కుర్ర డిటెక్టివ్ హేజీ మీద ప్రేమను ఏళ్ళ తరబడి గొంతులోనే దాచుకున్న అమ్మాయి ఆ చీటీ కోసం ఎందుకు ప్రాణం పెడుతుందో ఆ పద్యం తెలిస్తేనే అర్థమవుతుంది. రాన్ అనే అమ్మాయి తాను ప్రేమించే షినిచీకి పంపే పద్యం మురసాకి షికిబు రాసినది. ఎన్నాళ్ళకో కలిసి, నువ్వేనా అని గుర్తుపట్టేలోపే మబ్బు చాటుకు వెళ్ళిపోయిన నడిరేయి చంద్రుడివి అంటుందది. షినిచీ జవాబు సుతోకు చక్రవర్తి పద్యం: బండ అడ్డుపడి రెండుగా చీలిన వడిగల నీళ్ళు కింద మళ్ళీ ఒకటైనట్టే, మనమూ కలుస్తాం. పక్కనే కోనన్ అనే చిన్నపిల్లవాడిగా బతుకుతూ తానెవరో చెప్పుకోలేని ప్రియుడు పంపే మాట అది. ఆ రెండు పద్యాల స్థానంలో మీ సబ్‌టైటిల్: ‘నేను నీకు కవిత పంపాను.’

చిత్రం జపనీస్ పేరులోని ‘కరకురెనై’ (చిక్కని ఎరుపు) అనే మాట కూడా ఒక పద్యం నుంచే వచ్చింది. 9వ శతాబ్దపు అరివారా నో నరిహిరా రాసినది. దేవతల కాలంలో కూడా విననిది, తత్సుతా నది నీళ్ళకు ఇలా చిక్కని ఎరుపు అద్దకం వేయడం అంటాడు. జపనీస్‌లో పేరు రాసేటప్పుడు ‘ప్రేమ పద్యం’ అనే అక్షరాలు వేసి, దాన్ని ‘ప్రేమలేఖ’ అని చదవమన్నారు. పద్యమే లేఖ అని పేరులోనే చెప్పారు. కేసు ముడి కూడా ఎర్రబారిన మేపుల్ ఆకుల పద్యాల చుట్టూనే తిరుగుతుంది. ఆ పద్యాలు లేకపోతే ప్రేక్షకుడికి ఆధారాలు అందవు. అపరాధ పరిశోధన కథలో ఆధారాలు చూసేవాడి కళ్ళ ముందు పెట్టడం రచయిత ధర్మం. మొమిజి అంటే మేపుల్ ఆకులు. ఆ అమ్మాయి పేరును ఒకచోట ‘మొమిజి’ అని, మరోచోట ‘శరదృతువు ఆకులు’ అని వేశారు. “శరదృతువు ఆకులు నిన్ను ఓడించింది” అనే వాక్యాన్ని అమ్మ మూడుసార్లు చదివింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టినది ఇది. కోనన్ అసలు పేరు కుదో షినిచీ. హైస్కూలు చదువుతున్న కుర్రవాడు విషం వల్ల చిన్నపిల్లవాడైపోయి, చిన్నప్పటి స్నేహితురాలు రాన్ ఇంట్లోనే ఎదోగవా కోనన్ అనే మారుపేరుతో ఉంటాడు. ఆమెను అందరి ముందూ ‘రాన్-నేచాన్’ అంటాడు, అంటే ‘రాన్ అక్కా’ అని. తన మనసులో అనుకున్నప్పుడు, షినిచీ గొంతుతో ఫోనులో మాట్లాడినప్పుడు మాత్రం ‘రాన్’ అంటాడు. ప్రేమించిన అమ్మాయిని రోజూ అక్కా అని పిలవవలసిన దుఃఖం మీద ఈ వరుస మొత్తం నిలబడింది. ఇంగ్లీషులో అక్క అని పిలిచే అలవాటు లేదు, కాబట్టి ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళలో అది పోయిందంటే ఒప్పుకుంటాను. తెలుగులో అక్క లేదా? మీ సబ్‌టైటిళ్ళు మొదటి నుంచి చివరి దాకా ‘రాన్’ అనే అన్నాయి. సగం చిత్రం అయ్యాక అమ్మ అడిగింది: “ఈ బుడతడు అంత పెద్దపిల్లను పేరు పెట్టి పిలుస్తాడేమిటి, ఆమె ఏమీ అనదేమిటి?”

దీన్ని బట్టి మీరు జపనీస్ నుంచి కాక ఇంగ్లీషు నుంచి, అదీ మనిషి చూడకుండా, తెలుగు చేయించారని నాకు స్పష్టంగా తెలిసింది. కోనన్ పెద్దవాళ్ళయిన పోలీసు అధికారులను ‘నువ్వు’ అంటాడు. హేజీకి కోనన్ రహస్యం తెలుసు కాబట్టి పదిమందిలో నోరు జారి ‘కుదో’ అనేసి, నాలుక కరుచుకుని సర్దుకుంటాడు. ఈ వరుస అభిమానులు ప్రతిసారీ ఎదురుచూసే సరదా అది. మీరు ప్రతి ‘కుదో’నూ ‘కోనన్’గా మార్చేశారు. అతను కంగారు పడటం కనిపిస్తుంది, ఎందుకో తెలియదు.

వాక్యం అమరిక కూడా తిరగబడింది. జపనీస్ వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది, తేల్చే మాట చివరికి వస్తుంది. “హంతకుడు...” అని ఆగి, ఊపిరి బిగబట్టించి, అప్పుడు “మీరే” అనవచ్చు. ఇలాంటి కథకు ఇంతకంటే అనువైన భాష మరొకటి దొరకదు. మీరు ఇంగ్లీషు వరుసలో పేరును ముందు పెట్టి, దాన్ని ఆ పాత్ర నోరు తెరవడానికి రెండు సెకన్ల ముందే తెర మీద వేశారు. పరిచయంలో చెప్పింది చాలదన్నట్టు ఇక్కడ మరోసారి.

ముగింపులో ఒక మాట మీద తిరిగే మలుపు ఉంది. చిన్నప్పుడు హేజీ చీటీల ఆటలో అన్న ‘త్సుయోమె ని’ (ఇంకా గట్టిగా) అనే మాట మొమిజికి ‘యోమె ని’ (భార్యగా) అని వినపడుతుంది. రెండింటికీ క్రియ ఒక్కటే. మీ తెలుగు: ‘నేను బలంగా తీసుకుంటాను’, ‘నేను భార్యను తీసుకుంటాను’. పట్టుకోవడానికీ పెళ్ళాడటానికీ కూడా పనికివచ్చే ‘చేపట్టు’ అనే మాట మనకు ఉంది. తెలుగు తెలిసిన మనిషి ఒక్కరు ఆ వాక్యం ముందు పది నిమిషాలు కూర్చుని ఉంటే అది తట్టేది.

ఇక చివరి పాట. కురాకి మాయి పాడిన ‘తొగెత్సుక్యో’ అది. క్యోటో అరషియామాలోని వంతెన పేరు. ఈ వరుస చిత్రాల్లో పేర్లు పడుతున్నప్పుడు పాట నడుస్తుంది, అది అయ్యాక ఇంకో సన్నివేశం ఉంటుంది, తర్వాత వచ్చే ఏటి చిత్రం గురించి చిన్న సూచన ఉంటుంది. చూసేవాళ్ళు అందుకే చివరి దాకా లేవరు. మీ వేదిక పాట మొదలైన అయిదో సెకనులో చిత్రాన్ని మూలకు కుదించి, మరేదో సినిమా ప్రచారాన్ని పెద్దగా మోగించింది. దాన్ని ఆపే మీట సెట్టింగుల్లో ఎక్కడా లేదు.

మీ సహాయ కేంద్రానికి రెండుసార్లు రాశాను. రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది: ఇంటర్నెట్ వేగం సరిచూసుకోండి, యాప్ తీసివేసి మళ్ళీ పెట్టుకోండి. నా ఫిర్యాదు ఎవరూ చదవలేదని తెలిసి ఇప్పుడు మీకు రాస్తున్నాను.

ఆ కథా పరిచయాన్ని ఈ వారంలోనే తీసేయాలి. దానికి ఒక్క నిమిషం పని. ఇప్పుడున్న తెలుగు సబ్‌టైటిళ్ళను ఉపసంహరించి, జపనీస్ తెలిసిన తెలుగు అనువాదకుల చేత మూలం నుంచి చేయించాలి, వారి పేరు చివర వేయాలి, తగిన పారితోషికం ఇవ్వాలి. పద్యాలను పద్యాలుగా, చదివేవారి గొంతుతో సమంగా, ముక్క ముక్కగా చూపించాలి. చిత్రం పూర్తిగా అయ్యేదాకా మరో ప్రచారం రాకుండా ఆపుకునే వీలు ఇవ్వాలి. ఇవి కుదరవంటే ‘తెలుగు సబ్‌టైటిళ్ళతో’ అన్న ప్రకటన తీసేసి, నా చందాలో మిగిలిన ఎనిమిది నెలల సొమ్ము వాపసు చేయాలి. ప్రకటించిన సేవ ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం కిందికి వస్తుంది. 15 రోజుల్లో మీ నుంచి రాతపూర్వకమైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

తప్పులు పడిన చోట్ల తెర చిత్రాలు 43, ఒక్కోదాని సమయం, జపనీస్ మాట, దాని సరైన అర్థం పట్టికగా రాసి జతచేశాను. అనువాదకులకు పనికివస్తుందంటే వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. పద్యాల భావాలు అమ్మ, నేను కలిసి సరిచూసుకున్నవి. ‘బండ అడ్డుపడి’ అన్న మాట ఆమెదే.

ఇట్లు,
మీ చందాదారు,
సికింద్రాబాద్