ర్యాలీ వేషం వేసిన కారు: ఎంతవరకు వేయొచ్చు

సంపాదకులు గారికి,

రోడ్డు కారుకు ర్యాలీ, అంటే కార్ల పోటీలో పరిగెత్తే బండి, స్టిక్కర్లు వేయించిన కుర్రాణ్ని చూస్తే పెద్దవాళ్ల నోట వచ్చే మాట ఒకటే: పులిని చూసి నక్క వాత పెట్టుకుందని. సామెతతో పేచీ లేదు. కాకపోతే వాత చెరగదు. మంచి వినైల్‌ని, అంటే స్టిక్కర్లు చేసే ప్లాస్టిక్ ఫిల్మ్‌ని, ఓపిగ్గా అంటిస్తే మూడేళ్ల తర్వాత పీకినా కింద రంగు చెక్కుచెదరదు. చవక వినైల్ తెచ్చి, కారు మీదే బ్లేడు పెట్టి కోసి అంటిస్తే మాత్రం అది అచ్చంగా వాతే. శని, ఆదివారాల్లో తెల్లవారుజామున నంది కొండకో, చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా అనంతపురం వైపో బెంగళూరు నుంచి బయల్దేరే కార్లలో ఈ రెండు రకాలూ కనిపిస్తాయి. కె-1000 అనే కార్ల ర్యాలీ నడిపే క్లబ్ ఉన్న ఊళ్లో ఈ మోజు ఎలాగూ తగ్గదు గనక, వేయించుకునేవాళ్లకు పనికొచ్చే సంగతులు నాలుగు రాస్తున్నాను.

ర్యాలీ కారు మీద ఉన్న ప్రతి వస్తువుకూ ఏదో ఒక పని ఉంటుంది. అదే పని మన రోడ్డు మీద కూడా ఉంటే ఆ వస్తువు పెట్టుకోండి. లేకపోతే దాన్ని బొమ్మ వరకే ఉంచండి. ఇదొక్కటి పట్టుకుంటే డబ్బూ మిగులుతుంది, పోలీసులతో తగువూ తప్పుతుంది.

ముందు బొమ్మ సంగతి. ఎక్కువమంది అడిగేవి రెండు: 1995లో కొలిన్ మెక్‌రేని ప్రపంచ చాంపియన్ చేసిన నీలం సుబారు, 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరేళ్లు తయారీదారుల టైటిల్ కొట్టిన లాన్సియా. సుబారు మీద పసుపు రంగులో ఉండే 555 ఒక సిగరెట్ పేరు. లాన్సియా మీది మార్టిని చారలు ఒక మద్యం కంపెనీవి. పొగాకు ప్రకటనలను మన దగ్గర 2003 నాటి చట్టం నిషేధించింది. కంపెనీ మీకు పైసా ఇవ్వకపోయినా, తలుపు నిండా సిగరెట్ పేరు రాసుకుని పిల్లల్ని బడి దగ్గర దింపడం ఎబ్బెట్టుగా ఉంటుంది. రంగులూ చారలూ ఉంచి పేరు తీసేయండి, తెలిసినవాడు తెలుసుకుంటాడు. ఫోక్స్‌వ్యాగన్ పోలో ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది కూడా లేదు. 2013 నుంచి 2016 వరకు ప్రపంచ ర్యాలీలో నాలుగు టైటిళ్లూ ఆ పేరు మీదే ఉన్నాయి. మారుతి జిప్సీ ఉన్నవాళ్లు మన దేశీ ర్యాలీల పాత ఫొటోలు తిరగేస్తే చాలు, విదేశీ బొమ్మ అరువు తెచ్చుకోనక్కర్లేదు.

వేషం తేలిపోయేది కొలతల్లో. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తలుపు మీది నంబర్ పట్టీ 67 సెంటీమీటర్ల వెడల్పు, 17 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఆ ఎత్తులో చుట్టూ ఉండే సెంటీమీటరు తెల్ల అంచు కూడా కలిసే ఉంటుంది. అంకె 14 సెంటీమీటర్లు, దాని గీత మందం 2. నలుపు మీద మెరిసే పసుపు. పట్టీ ముందు తలుపు మీద, అద్దం కింది అంచుకు 7 నుంచి 10 సెంటీమీటర్ల దిగువన ఉండాలి, అంకె ముందు చక్రం వైపుకి రావాలి. ఇవి పాటిస్తే ఆల్టో మీద కూడా పట్టీ నప్పుతుంది. తలుపంత గుండ్రటి అంకె వేస్తే అది ర్యాలీ కారు కాదు, ఎన్నికల ప్రచార బండి. ఒక హెచ్చరిక: ఫ్లోరోసెంట్ ఫిల్మ్ ఎండకు నెలల్లోనే వెలిసిపోతుంది. మామూలు పసుపు వాడితే కొంచెం తక్కువ మెరుస్తుంది గానీ నిలుస్తుంది.

డ్రైవర్ల పేర్లు అసలు ర్యాలీ కార్లలో వెనక పక్క అద్దాల మీద ఉంటాయి. మనం మాత్రం వాటిని ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) మీదకో, తలుపు పైన రూఫ్ అంచుకో మార్చుకోవాలి. అద్దాలకు అంటించే ఫిల్మ్ మీద 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ట్రాఫిక్ పోలీసుల కళ్లు మొట్టమొదట అద్దాల మీదే పడతాయి. ముందు అద్దం పైభాగాన వేసే వెడల్పాటి రంగు పట్టీ కూడా వద్దు.

ఇక వినైల్. రెండు జాతులు: పోత పోసినది, అంటే కాస్ట్. రోలర్ల మధ్య వత్తినది, అంటే క్యాలెండర్డ్. కాస్ట్ సుమారు 50 మైక్రాన్లు ఉంటుంది, వంపుల్లో ఒదుగుతుంది, ముడుచుకోదు. రెండోది 75 నుంచి 100 మైక్రాన్ల మందం, ధర తక్కువ, కానీ ఎండలో తన పాత ఆకారానికి తిరిగి పోవాలని చూస్తుంది. అంచులు ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతాయి, బయటపడిన జిగురు మీద మట్టి పేరుకుని నల్ల గీత కడుతుంది. చదునుగా ఉన్న తలుపు మీద అంకెకు క్యాలెండర్డ్ సరిపోతుంది. ఫెండర్ వంపు, బంపర్ మూల, హ్యాండిల్ గుంట ఉన్నచోట కాస్ట్ తప్ప వేరేది పెట్టకండి. షాపులో "ఇంపోర్టెడ్" అంటే సరిపోదు, రోల్ పెట్టె మీద ఏ సిరీసో చూపించమనాలి.

రోల్ వెడల్పు మామూలుగా 1.52 మీటర్లు. నాలుగు మీటర్ల లోపు హ్యాచ్‌బ్యాక్‌కు నాలుగున్నర మీటర్ల ముక్కను నిలువునా రెండుగా చీలిస్తే రెండు పక్కలకూ వస్తుంది. బానెట్‌కు రెండు మీటర్లలోపు, తప్పులకు ఇంకో అర మీటరు. మొత్తం ఏడు మీటర్లు. పదిహేను మీటర్లు బిల్లు వేస్తున్నారంటే కారు మొత్తం చుడుతున్నట్టు లెక్క. బొమ్మ ప్రింట్ చేయిస్తే, ఇంకులోని ద్రావకం ఆరడానికి కనీసం ఒక రోజు వదిలి ఆ తర్వాతే లామినేట్ చేయాలి. ఈ ఒక్క రోజు ఆగలేక అదే సాయంత్రం లామినేట్ చేసిన షీటు నెల తిరక్కుండా అంచుల్లో చుట్టుకుంటుంది.

అంటించే ముందు కారుకు ఎక్కడెక్కడ మళ్లీ రంగు వేశారో తెలియాలి. కంపెనీ రంగు మందం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. కొలిచే గేజ్ 200 దాటి చూపిస్తే అక్కడ రెండోసారి పెయింట్ పడింది. ఇంకా పైకి పోతే కింద లప్పం ఉంది. పీకేటప్పుడు స్టిక్కర్‌తో పాటు పెచ్చుగా లేచేది ఆ రంగే. తప్పు ఫిల్మ్‌ది కాదు, కానీ తిట్లు ఫిల్మ్‌కే. కొత్తగా రంగు వేయించిన భాగమైతే మూడు వారాలన్నా ఆరనివ్వాలి, లేకపోతే రంగులోంచి వచ్చే ఆవిరి బుడగలు కడుతుంది. వ్యాక్స్, సిరామిక్ కోటింగ్ ఉన్నచోట జిగురు పట్టదు, తీయించాలి.

పని క్రమం: షాంపూతో కడగడం, తారు మరకలు తీయడం, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద) రుద్దడం, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు కలిపి పీచు రాలని గుడ్డతో తుడవడం. తలుపు అంచు లోపలి మడత, రూఫ్ రబ్బరు పక్క గాడి, పెట్రోల్ మూత చుట్టూ తుడవడం మరిచిపోతారు. స్టిక్కర్ లేచేది ఆ మూడు చోట్లనుంచే. చారను కంటి అంచనాతో తిన్నగా వేయలేరు. కారు ఒంటి గీతలు వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తాయి, వాటిని అనుసరిస్తే చార వంకర పోతుంది. రెండు చక్రాల నడిమి బిందువులను ఆధారం చేసుకుని నూలు దారం కట్టి, దాని వెంబడి మాస్కింగ్ టేపు వేసి చూసుకోవాలి. పది అడుగులు వెనక్కి పోయి చూస్తే గానీ తప్పు కనపడదు.

బ్లేడు దగ్గరే అసలు చిక్కు. ఫిల్మ్‌ని కారు మీద పెట్టి బ్లేడుతో కోస్తే ఒక్కోసారి రంగు, ప్రైమర్ రెండూ తెగి రేకు దాకా పోతుంది. ఫిల్మ్ ఉన్నంతకాలం అది కనపడదు. ఒక వానాకాలం నీళ్లు దిగాయంటే ఆ గీత వెంబడి తుప్పు మొలుస్తుంది. నైఫ్‌లెస్ టేప్ అని దొరుకుతుంది: కింద సన్నటి దారం ఉన్న టేపు. ముందు దాన్ని వేసి, పైన ఫిల్మ్ అంటించి, దారాన్ని లాగితే ఫిల్మ్ తిన్నగా తెగుతుంది, కింద గీత పడదు. మేస్త్రీ అది వాడతాడో లేదో బేరం మొదలుపెట్టక ముందే అడగండి. "మా చెయ్యి తేలిక సార్" అని జవాబొస్తే వేరే షాపు చూసుకోవడం మేలు.

వంపుల్లో ఫిల్మ్‌ని సాగదీసి అంటించాక హీట్ గన్‌తో 90, 95 డిగ్రీల దాకా వేడి చేయాలి. అప్పుడే అది పాత ఆకారాన్ని మరిచిపోతుంది. చెయ్యి పెట్టి చూస్తే తెలిసే వేడి కాదిది, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉండాలి. ఈ మెట్టు ఎగ్గొట్టిన బంపర్ మూలలు వారం తర్వాత మొదటి ఎండకే లేస్తాయి. అంటించాక మూడు రోజులు కారు కడగకండి. ప్రెషర్ వాషర్ వాడితే అడుగు దూరం నుంచి, అంచుల్లోకి గురిపెట్టకుండా కొట్టమనండి. పెట్రోల్ మూత పక్కన అతుకు పెట్టొద్దు, చుక్క పడినా జిగురు కరుగుతుంది. పార్కింగ్ సెన్సర్ల మీద ఫిల్మ్ వేస్తే అవి లేని గోడను చూసి అరుస్తాయి.

మడ్‌ఫ్లాప్‌లకు, అంటే చక్రాల వెనక వేలాడే పలకలకు, మాత్రం నా ఓటు. ర్యాలీ కారుకు అవి రాళ్లను ఆపుతాయి, మనకు తుమకూరు రోడ్డు కంకరనూ వానాకాలపు బురదనూ ఆపుతాయి. 3 నుంచి 4 మిల్లీమీటర్ల పాలీయూరితేన్ షీటు, నేలకు 6 నుంచి 8 సెంటీమీటర్ల ఎడం. ఇంకా కిందికి దిగితే బెంగళూరు హంపుల మీద గీసుకుంటుంది, రివర్స్‌లో ఫుట్‌పాత్ అంచుకు తగులుకుని బంపర్ క్లిప్పులు ఊడదీస్తుంది. చక్రపు లైనర్‌కు (చక్రం పైన లోపలి ప్లాస్టిక్ తొడుగుకు) ఉన్న స్క్రూ రంధ్రాలనే వాడి స్టెయిన్‌లెస్ బోల్టులు, వెడల్పు వాషర్లు వేయాలి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి టైరు రాసుకోవడం లేదని చూసుకోవాలి.

బానెట్ మీద దీపాల గుత్తి వద్దు. ర్యాలీ కార్లకు కూడా అది చీకట్లో నడిచే స్టేజీలకే, అంటే పోటీ దశలకే, బిగిస్తారు. పగలంతా అది లేకుండానే తిరుగుతాయి. పైగా 55 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల దగ్గర తొమ్మిది ఆంపియర్ల పైన లాగుతాయి. రిలే (ఎక్కువ కరెంటును విడిగా మోసే స్విచ్), 15 ఆంపియర్ల ఫ్యూజు లేకుండా హెడ్‌లైట్ వైరులోంచి కలిపితే స్విచ్ కరుగుతుంది.

రోల్ కేజ్, అంటే కారు పల్టీ కొట్టినా నలగకుండా లోపల బిగించే గొట్టాల పంజరం, మోజు మరీ ప్రమాదం. ప్రపంచ మోటారు పోటీలను నియంత్రించే ఎఫ్‌ఐఏ లెక్క ప్రకారం ప్రధాన కమాను 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం ఉన్న అతుకు లేని స్టీలు గొట్టం. దాని పక్కన కూర్చునేవాడు హెల్మెట్ పెట్టుకుని, ఆరు పట్టీల హార్నెస్‌తో సీటుకు కట్టుకుని ఉంటాడు. మామూలు బెల్టుతో, ఉత్త తలతో కూర్చుంటే చిన్న గుద్దుకే తల ఆ గొట్టానికి తగులుతుంది. వెనక సీట్లో పిల్లలుంటే చెప్పనక్కర్లేదు. హార్నెస్ ఒక్కటే మామూలు సీటుకు బిగించినా శరీరం పట్టీల కిందుగా ముందుకు జారుతుంది.

చట్టం మాటకొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పు చేయకూడదు. రంగు అందులో ఒక వివరం. తెల్ల కారు మీద నాలుగు చారలు పడితే అది తెల్ల కారే. నీలం కారులా కనిపించేంత చుట్టారంటే ఆర్‌టీఓ దగ్గర ఆర్‌సీలో రంగు మార్పించుకోవాలి. అనుమతి లేని భాగాలు బిగిస్తే 182-ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ముందు పెట్టే ర్యాలీ ప్లేటు (పోటీ పేరు, నంబరు ఉండే పలక) బానెట్ మీద ఉండాలి, హై సెక్యూరిటీ నంబర్ ప్లేటులో ఒక్క అంకెను కూడా కప్పకూడదు.

బీమా కంపెనీకి మెయిల్ పంపి, ఫొటోలు జతచేసి, జవాబు దాచుకోండి. చెప్పని స్టిక్కర్ పనికి క్లెయిమ్‌లో డబ్బు ఆశించలేరు. ప్రైవేటు కారు పాలసీలో రేసింగ్‌కు, స్పీడ్ టెస్టింగ్‌కు వాడకూడదన్న షరతు ఎలాగూ ఉంటుంది. తలుపు మీద అంకె చూసి సర్వేయరు అడిగే మొదటి ప్రశ్న అదే. ముందే రాసిన మెయిల్ ఉంటే జవాబు సులువు.

కారు అమ్మే ఉద్దేశం ఉంటే నెల ముందే పీకించండి. 60 డిగ్రీల దాకా వేడి చేసి, ఫిల్మ్‌ని పైకి కాకుండా వెనక్కి మడిచినట్టు నెమ్మదిగా లాగితే ఒకే ముక్కగా వస్తుంది. కింద రంగు కొత్తగా, పక్క రంగు వెలిసి కనిపిస్తుంది. ఎరుపు కార్లలో అంకె ఆకారం మరీ స్పష్టంగా ఉంటుంది. పాలిష్ పట్టించి, నెల రోజులు ఎండలో తిప్పితే ఆ తేడా చాలావరకు కలుస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు