ఎత్తొక్కటే చూస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆటల పేజీలో బాస్కెట్‌బాల్ ఆటగాడు జాక్ ఈడీ మీద వచ్చిన కథనం చదివాను. సవరణ ఏదైనా వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఎదురుచూసి, అది రాకపోవడంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏడడుగుల నాలుగంగుళాల ఎత్తు ఉండబట్టే ఆ కెనడా కుర్రవాడు అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం తరఫున రాణించాడనీ, అందిన బంతిని బుట్టలో వేయడం తప్ప అతను చేసిందేమీ లేదనీ అర్థం వచ్చేలా మీ విలేకరి రాశారు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో డ్రిల్లు మాస్టారిగా పనిచేసి, పొడుగు పిల్లల చేత బాస్కెట్‌బాల్ ఆడించడానికి నానా తంటాలు పడ్డవాడిగా ఆ మాట నాకు మింగుడుపడలేదు.

నా దగ్గర చదివిన పిల్లల్లో అందరికన్నా పొడుగువాడు కోర్టు ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగు సార్లు పరుగెత్తగానే మోకాళ్ల మీద చేతులాన్చి వంగిపోయేవాడు. ఒళ్లు పొడుగైన కొద్దీ ఊపిరి నిలబెట్టుకోవడం, వెనక్కి తిరిగి పరుగెత్తడం, వంగి కాచుకోవడం ఎంత కష్టమో ఆట నేర్పినవాళ్లకు తెలుస్తుంది. ఈడీ సంగతే చూడండి. టొరంటోలో చిన్నప్పుడు అతను ఆడింది ఐస్ హాకీ, బేస్‌బాల్. ఇంత పొడుగున్నావు, బాస్కెట్‌బాల్ ఆడవేమని అడిగినవాళ్లందరి మాటనూ కాదని, పదో తరగతి వయసు వచ్చాక గానీ ఈ ఆట వైపు రాలేదు. 2020లో పర్డ్యూలో చేరేనాటికి, ఆ ఏడాది కళాశాలల్లో చేరే ఆటగాళ్ల వరుసలో అతని పేరు 400 దాటాక గానీ కనిపించేది కాదు. అప్పటికే అతను ఆకాశమంత పొడుగు. అయినా మొదటి ఏడాది అదే జట్టు ఆటగాడు ట్రెవియన్ విలియమ్స్ వెనక బెంచీ మీద కూర్చుని, ఆటకు సగటున పావుగంట మాత్రమే ఆడి, 8.7 పాయింట్లు చేశాడు. రెండో ఏడాది 14.4, మూడో ఏడాది 22.3, నాలుగో ఏడాది 25.2. ఈ నాలుగేళ్లలో పెరిగింది ఎత్తు కాదు. ఊపిరి పెరిగింది, కాళ్లు కుదురుకున్నాయి, ఎవరు మీద పడితే ఎటు తిరగాలో తెలిసింది.

2023లో దేశంలోనే ఉత్తమ కళాశాల ఆటగాడన్న గుర్తింపు పొందిన సీజన్‌లోనే, ఫెయిర్లీ డికిన్సన్ అనే చిన్న జట్టు చేతిలో 63-58 తేడాతో జాతీయ కళాశాలల పోటీ మొదటి రౌండులోనే పర్డ్యూ ఓడిపోయింది. ఆ అవమానం తర్వాత ఈడీ మళ్లీ అదే కళాశాలకు వచ్చి ఆడాడు, మళ్లీ ఉత్తమ ఆటగాడయ్యాడు. 2024 ఏప్రిల్ 8న నేను ఇండియానాపోలిస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం పట్టి ఊరంతా చీకటైంది. రాత్రి టీవీలో ఆ ఏటి జాతీయ పోటీ ఫైనల్. 1969 తర్వాత పర్డ్యూ ఫైనల్‌కు రావడం అదే మొదటిసారి. కనెక్టికట్ విశ్వవిద్యాలయం 75-60తో గెలిచింది. పర్డ్యూ చేసిన ఆ 60 పాయింట్లలో 37 ఈడీవే. మొదటి ఏడాది పావుగంట ఆడినవాడు ఆ రాత్రి దాదాపు ఆటంతా కోర్టు మీదే ఉన్నాడు. మీ కథనంలో ఇందులో ఒక్క వాక్యమైనా లేదు.

వీసా సంగతిని కూడా మీ విలేకరి పూర్తిగా వదిలేశారు. 2021 జులై 1 నుంచి అమెరికా కళాశాల ఆటగాళ్లు తమ పేరునూ బొమ్మనూ ప్రకటనలకు ఇచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు. కానీ ఈడీ ఎఫ్-1 వీసా మీద చదివిన విదేశీ విద్యార్థి. ప్రకటన కోసం కెమెరా ముందు నిలబడితే అది అనుమతి లేని ఉద్యోగమై వీసాకే ముప్పు రావచ్చు. అందుకే తన పక్కన ఆడేవాళ్లకున్న వీలు, దేశమంతటికీ తెలిసిన అతనికి లేకపోయింది. కెంటకీ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన కాంగో యువకుడు ఆస్కార్ షీబ్వే 2022లో జట్టుతో బహమాస్ వెళ్లినప్పుడు, అమెరికా నేల దాటాక గానీ ఆ ప్రకటనల పనులు చేసుకోలేకపోయాడు. ఏళ్లు గడిచినా అక్కడి అధికారులు ఈ వీసా నిబంధనను సరిచేయకపోవడం అన్యాయం.

ఇది మనకు సంబంధం లేని విషయమని మీరు అనుకోవడానికి వీల్లేదు. తెలుగు జిల్లాల్లో అదే వీసా మీద పిల్లల్ని పంపిన ఇల్లు లేని వీధి తక్కువ. చదువు సాగేటప్పుడు వారానికి 20 గంటలకు మించి క్యాంపస్‌లో పనిచేయకూడదన్న నిబంధనకు భయపడి, మా మేనల్లుడు క్యాంటీన్‌లో పనిచేసిన ప్రతి గంటనూ గోడ క్యాలెండరు మీద రాసుకునేవాడు. ఈడీ కథను ఆ వైపు నుంచి చెప్పి ఉంటే మీ పాఠకుల్లో ఎంతమందికి తమ ఇంటి సంగతిలా అనిపించేదో ఆలోచించండి.

ఒకప్పుడు ఆటల పేజీలో ఆటగాడు ఎలా తయారయ్యాడో రాసేవారు. ఇప్పుడు ఎత్తు, బరువు, సంపాదన రాసి ముగిస్తున్నారు. ఆ పేజీ చదివే పిల్లల్లో పొడుగువాడికి శ్రమ అక్కర్లేదనిపిస్తుంది, పొట్టివాడికి ఆశ పోతుంది. కోర్టులను పార్కింగుకు వదిలేసి, వ్యాయామ ఉపాధ్యాయుల ఖాళీలను ఏళ్ల తరబడి నింపని అధికారులకూ, ఆట పుట్టుకతో వచ్చేదేనన్న ఈ రాతలు సాకుగా పనికొస్తాయి.

ఈడీ కళాశాలలో గడిపిన నాలుగేళ్ల ఆట వివరాలనూ, అతని వీసా ఇబ్బందినీ చేర్చి, అదే పేజీలో, అంతే స్థలంలో సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
తెనాలి