టెక్సాస్‌లో స్టార్ పరీక్ష పోలేదండీ, మూడయింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్నామధ్య మీ ఎన్నారై పేజీలో టెక్సాస్‌లో స్టార్ పరీక్షలు (STAAR, బడి పిల్లలకి రాష్ట్రం పెట్టేవి) ఎత్తేశారని వేశారు. అది చదివి మా అత్తగారు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "ఇంక మనవడికి పరీక్షల గొడవ లేదటగా" అని ఒకటే సంబరం. ఎక్కడ లేదండీ?

గవర్నర్ అబాట్ 2025లో సంతకం పెట్టిన హెచ్‌బీ 8 (హౌస్ బిల్ 8) అనే చట్టం సంగతేంటంటే, 2027-28 నుంచి ఏడాది చివర ఒక పెద్ద పరీక్ష బదులు మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఇంకోటి. పెద్ద మాత్ర మింగలేకపోతున్నాడంటే పూటకొకటి చొప్పున మూడు చిన్న మాత్రలు రాసిచ్చినట్టుంది. హైస్కూల్లో ఇంగ్లీష్ టూ (రెండో ఏడాది ఇంగ్లీష్) పరీక్ష తీసేశారు, అదొక్కటి మంచి పని, కాదనను. కానీ అందాకా ఇప్పుడు హైస్కూల్లో ఉన్న పిల్లలకి పాత స్టారే గతి. 2013లో జనం గోల చేస్తే హెచ్‌బీ 5 అని చట్టం తెచ్చి హైస్కూల్లో 15 పరీక్షల్ని 5కి దించారు, ఆ అయిదింట్లో అమెరికా చరిత్ర ఒకటి. నిన్నటిదాకా విజయవాడలో శాతవాహనులు, కాకతీయులు చదివి పదకొండో క్లాసులో ఇక్కడ చేరిన పిల్లాడి అవస్థ ఎవరికైనా పట్టిందా?

ఇక పేపర్లు దిద్దేది ముందు కంప్యూటర్. పిల్లలు రాసిన వ్యాసాలకి కూడా! 2024లో డాలస్ స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి స్కూళ్ళని నడిపే సంస్థ) వాళ్ళు డౌటొచ్చి నాలుగు వేలకి పైగా పేపర్లు మళ్ళీ దిద్దమని పంపిస్తే నూటికి 40కి పైగా పేపర్లలో మార్కులు పెరిగాయి. రీస్కోర్‌కి 50 డాలర్లు, మార్కు పెరిగితేనే అది కట్టక్కర్లేదు. డిస్ట్రిక్ట్‌కి డబ్బులున్నాయి పంపింది, లేనివాళ్ళ సంగతేంటి?

పరీక్ష రోజుల్లో స్కూలు చూడాలి మీరు. గోడల మీద లెక్కల ఫార్ములాల చార్టులన్నీ పేపర్లతో కప్పేస్తారు, పిల్లలు చూసి రాసేస్తారని. అదే గోడల మీద బైబిల్ పది ఆజ్ఞల పోస్టర్ పెట్టాలని 2025లోనే ఇంకో చట్టం చేశారు, మరి దాన్ని కప్పాలో వద్దో ఆ మహానుభావులే చెప్పాలి. అసలు ఈ పరీక్షల బిల్లు మే నెలలోనే తేలాల్సింది. రాష్ట్ర చట్టసభలో హౌస్‌కీ సెనేట్‌కీ కుదరక మూలపడింది, తర్వాత ఎలక్షన్ మ్యాపుల (నియోజకవర్గాల హద్దుల) కోసం కొట్టుకున్న ప్రత్యేక సమావేశాల్లో దీన్నీ లాగించేశారు. లక్షలమంది పిల్లల చదువంటే వాళ్ళకి అంత తీరుబడి!

మనవాళ్ళనీ అనాలి. కాలేజీ సీట్ల కోసం రాసే ఎస్ఏటీ కోచింగ్‌లకి వేలు పోస్తాం, స్టార్ అంటే "మనవాడు పాసైపోతాడులే" అని వదిలేస్తాం. ఇల్లు కొనేటప్పుడు మాత్రం ఏ రేటింగ్ స్కూలుందా అని అడిగి దానికోసం ఎక్కువ పోసి మరీ కొంటాం, ఆ రేటింగ్ ఎక్కడినుంచి వస్తుందో అడిగినవాడు లేడు. ఎక్కువగా ఈ పరీక్షల్నుంచే బాబూ. ఒక్క హైస్కూల్‌కి ఏళ్ళ తరబడి పాస్ రేటింగ్ రాలేదని 2023లో హ్యూస్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్ మొత్తాన్నీ రాష్ట్రం చేతుల్లోకి తీసేసుకుంది, ఎన్నుకున్న బోర్డుని పక్కన కూర్చోబెట్టి.

కాబట్టి ఆ వార్తకి ఒక సవరణ వేయండి సార్, పరీక్షలు రద్దు కాలేదని. చిన్నదైనా పర్లేదు, మా అత్తగారికి కనపడే సైజులో వేస్తే చాలు.

- ఒక పేరెంట్, ఫ్రిస్కో, టెక్సాస్