ఆస్ట్రేలియాకు నడిచి వెళ్ళలేదు

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో ఆస్ట్రేలియా ఆదివాసుల మీద వచ్చిన వ్యాసం బాగుంది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. మంచుయుగంలో సముద్రం తగ్గడంతో మనుషులు ఆసియా నుంచి అక్కడికి నడుచుకుంటూ వెళ్ళారని రాశారు. సోషల్ టీచరుగా నేనూ ఏళ్ళ తరబడి పిల్లలకు అదే చెప్పాను, కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు పెద్దగా లేదు. కానీ అది నిజం కాదు.

సముద్రమట్టం తగ్గిన మాట వాస్తవమే. అప్పట్లో సుమత్రా, జావా, బోర్నియో ఆసియాతో కలిసి ఉండేవి. న్యూగినీ, టాస్మేనియా ఆస్ట్రేలియాతో కలిసిపోయి ఒకే నేలగా ఉండేవి. మధ్యలో మాత్రం సముద్రం అలాగే ఉంది. బాలి దాకా వచ్చిన పులి ఎదురుగా ఉన్న లాంబోక్ దీవికి చేరలేకపోయింది అందుకే. మనిషి చేరాడు. దీవి నుంచి దీవికి దాటుతూ పోయినా, ఒకచోట పదుల కిలోమీటర్ల నీళ్ళు దాటక తప్పదు. ఆ తెప్పలు ఒక్కటీ దొరకలేదు. వెదురూ తాళ్ళూ అన్నివేల ఏళ్ళు ఎక్కడ నిలుస్తాయి? ఏ తుపానుకో కొట్టుకుపోయి ఒడ్డెక్కారేమో అనేవారూ ఉన్నారు. కానీ అక్కడ జనం అంతరించకుండా నిలవాలంటే మొదట్లో కనీసం 1,300 మంది చేరి ఉండాలని 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంతమంది పొరపాటున కొట్టుకుపోరు కదా!

ఎప్పుడు వెళ్ళారన్నది ఇంకా తేలలేదు. ఉత్తర ఆస్ట్రేలియాలో మాడ్జెడ్‌బెబె అనే రాతి ఆవాసంలో దొరికిన పనిముట్లు 65,000 ఏళ్ళ నాటివని 2017లో ప్రకటించారు. ఆ ఇసుకను చెదలు కలగాపులగం చేసి ఉంటాయని కొందరి అభ్యంతరం. జన్యువుల లెక్క చూస్తే 50,000 ఏళ్ళకు మించదని మరికొందరు అంటున్నారు.

మాడ్జెడ్‌బెబె తవ్వకానికి నాయకత్వం వహించిన క్రిస్ క్లార్క్‌సన్ అంతకుముందు మన నంద్యాల జిల్లా జ్వాలాపురం రాతి పనిముట్లను పరిశీలించిన మనిషి. సుమారు 74,000 ఏళ్ళ కింద సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద జ్వాలాపురం ఉన్న జుర్రేరు లోయలో పొరలుగా పేరుకుంది. ఆ పొర కిందా పైనా కూడా పనిముట్లు దొరికాయని పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్ ఆచార్యులు రవి కోరిశెట్టర్ బృందం 2007లో ప్రకటించింది. ఎముకలు దొరకలేదు కనుక అవి మనలాంటి మనుషులు చేసినవా, అంతకు ముందటి వాళ్ళవా అన్న వాదన నడుస్తూనే ఉంది. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా వైపు సాగిన దారి మన దక్షిణాది మీదుగా పోయిందా అన్న ప్రశ్నకు జవాబు ఈ లోయలోనే దొరకవచ్చు.

విచిత్రం ఏమిటంటే, అమ్ముకోవడానికి బూడిద తవ్వుతుంటేనే ఆ పొరలు బయటపడ్డాయి. తవ్వకమే చూపించింది, తవ్వకమే చెరిపేస్తుంది. ఆస్ట్రేలియాలో ఏమైందో చూడండి. 46,000 ఏళ్ళ నాటి ఆనవాళ్ళున్న జూకన్ గుహలను ఇనుప ఖనిజం కోసం రియో టింటో కంపెనీ 2020 మేలో పేల్చేసింది. చట్టప్రకారం అనుమతి ఉంది మరి! తర్వాత కంపెనీ పెద్దల ఉద్యోగాలు పోయాయి, పార్లమెంటు విచారణ జరిగింది. గుహలు మాత్రం తిరిగి రాలేదు.

యాగంటి బసవన్నను చూడటానికి వేలమంది వెళ్తారు. అదే చుట్టుపక్కల ఈ బూడిద ఉందని వాళ్ళలో ఎందరికి తెలుసు? మిగిలిన పొరలున్న చోటికి పురావస్తు శాఖ హద్దులు వేసి, తవ్వకాన్ని నిషేధించి, రోడ్డు పక్కన తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. ముందుగా మీ జిల్లా విలేకరిని ఒక్కసారి అక్కడికి పంపండి.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల